టేపులో లేనివి

పోర్ట్ మోర్స్‌బీలో, సభను ఆనుకుని ఉన్న అద్దాల గదిలో
పదహారేళ్లుగా నా కొలువు ఇదే:
మగవాళ్ల మాటల్ని అక్షరాల్లో పెట్టడం.
దగ్గితే దగ్గు తీసేస్తాను,
తడబడితే సరిచేస్తాను,
బూతైతే చుక్కలు.
నా వేళ్ల మీదుగా నడిచి
ఎంతమంది పెద్దమనుషులయ్యారో!

నవ్వు నాలుగు విధాల చేటంటారు గానీ
మా నియమావళిలో దానికి ఒకటే గుర్తు:
[నవ్వులు].
వెటకారమైనా, తేన్పులాంటిదైనా,
పక్కవాడి తొడ చరిచి నవ్విందైనా.
డెల్మా యాకాపు గెలిచొచ్చాక
కీబోర్డు మీద ఆ రెండు మీటలూ అరిగిపోయాయి.

వందమందికి పైగా మగవాళ్లు. తనొక్కతే.
మొదటిరోజే గుమ్మం దగ్గర ఆపారు,
నుదుటి నుంచి వీపు మీదికి వేలాడే బిలుమ్ సంచి చూసి.
"లోపలికి సంచులు కుదరవమ్మా."
"మా అమ్మ నన్ను మోసింది ఇందులోనే.
నేను కుదిరితే ఇదీ కుదురుతుంది."
బంట్రోతు పక్కకి జరిగాడు.
ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు.
గుమ్మానికి మైకుండదు.

ఆడవాళ్ల మరుగుదొడ్డి రెండంతస్తుల కింద.
ఓటింగు గంట మోగేది మూడు నిమిషాలు.
ఒకసారి తనింకా మెట్లెక్కుతూండగానే తలుపులు మూశారు;
కాన్పు గదులకు దీపాలిచ్చే పద్దు
ఒక్క ఓటుతో పోయింది.
"సభ్యురాలు గైర్హాజరు" అని కొట్టాను.
ఆ రాత్రి చిలగడదుంప గొంతు దిగలేదు.
అప్పట్నుంచి సభ ఉన్న రోజు
తను మంచినీళ్లు ముట్టదు.
అద్దంలోంచి చూస్తుంటాను, పగిలిన పెదాలు.

గురువారం
చేతబడి చేసిందని ఆడదాన్ని తగలబెట్టేవాళ్ల మీద
తను తెచ్చిన బిల్లు.
ఒక గౌరవ సభ్యుడు: "మీ ఆయన్నడిగే వచ్చారా?"
[నవ్వులు].
ఇంకొకాయన: "మంత్రం వెయ్యకుండానే ఇన్ని ఓట్లొచ్చాయా?"
[నవ్వులు].
తను ఆగింది,
వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డట్టు.
సంచిలోంచి ఏదో తీస్తుందని మెడలు సాగాయి.
ఏమీ తీయలేదు.
కాగితమైనా లేకుండా పేర్లు చెప్పడం మొదలెట్టింది.

మూడో పేరు దగ్గర స్పీకరు గడియారం చూశాడు.
ఐదో పేరు దగ్గర మైకు తీసేశారు.

టేపులో ఇక ఏసీ హోరే.
పెదాలు మాత్రం ఆగలేదు.
మాది ఒకే లోయ.
మా పేర్లు నోట్లో ఎలా మెదులుతాయో నాకు తెలుసు.
'మ' దగ్గర మూసుకుంటాయి,
'వ' దగ్గర పళ్లు తగులుతాయి.
వారెమె. కోమిన్. యాంబుమె.
పదకొండోది మా పిన్ని పేరు.

నాకు బిలుమ్ అల్లడం నేర్పిన పిన్ని.
ఒకే దారం, ముడి వెయ్యకూడదు,
పొట్టైతే కొత్త పోగు తొడ మీద పేని కలపాలి.
ఇన్నేళ్లూ
జ్వరంతో పోయిందనే చెప్పుకున్నాం ఇంట్లో.
నేనూ అలాగే చెప్పాను,
నా పిల్లలకి.

అక్కడ కొట్టాల్సింది [వినబడలేదు].
నేను కొట్టింది ఇరవై రెండు పేర్లు.
ఒకచోట తను తల తిప్పింది, పెదాలు కనబడలేదు.
అక్కడ ఖాళీ వదిలాను,
ఒక మనిషి పట్టేంత.

బిల్లు ఓడింది. అంకెలు కూడా నేనే కొట్టాను.
మర్నాడు సూపర్‌వైజరు గోరోహు గారు
చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండుసార్లు విన్నారు.
"టేపులో లేవే ఇవి?"
"లేవండీ."
సవరణ ఫారం ఇచ్చారు. అందులో 'కారణం' అని ఒక గడి.
అది నా సొరుగులోనే ఉంది.

సాయంత్రం బయటి మెట్ల మీద కనబడింది డెల్మా,
చెప్పులు విడిచి, సంచి ఒళ్లో పెట్టుకుని.
ఆ ఖాళీలో ఎవరండీ అని అడగాలని వెళ్లాను.
తల పైకెత్తి సీసాడు నీళ్లు
గటగటా తాగుతోంది.
మెడ మీద నుంచి కారిపోతున్నా తుడుచుకోవడం లేదు.

తాగనీ అని
పక్క మెట్టు మీద కూర్చున్నాను.